ఎగిరే అంచు

బల్ల మీద పరిచిన జెండా వైపు ఎవరూ నేరుగా చూడలేదు. చుట్టూ చేరారు గానీ, పరామర్శకి వచ్చిన వాళ్ళలా పక్కకీ కిందికీ చూస్తూ నిలబడ్డారు. పన్నెండడుగుల జెండా. తాడుతో స్తంభానికి కట్టే వైపు ఇంకా కొత్త వాసన వస్తోంది. రెండో వైపు, గాలిలో ఎగిరే అంచు మాత్రం పీలికలు పీలికలైపోయింది. కింది మూల అసలు లేనే లేదు.

"ఆరు రోజులు," అన్నాడు స్కేలు సారు. "ఆరంటే ఆరు రోజులు ఎగిరింది కొన్నవాళ్ళ ఆఫీసు మీద."

ఆయన జేబులో కలానికి బదులు అడుగు పొడవు స్టీలు స్కేలు ఉంటుంది. అందుకే ఆ పేరు. ఆ స్కేలుతోనే పీలికల్ని ఒక్కొక్కటీ పక్కకి జరిపాడు, ముట్టుకోవడం ఇష్టం లేనట్టు. అంచు ఎవరిదని అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. జెండాలు కుట్టే ఆ హాల్లో పద్నాలుగు మిషన్లున్నాయి. ఒకరు రంగులు అతికిస్తారు, ఒకరు కట్టు వైపు దళసరి పట్టీ వేస్తారు, ఒకరు తాడు కూరుస్తారు. ఎగిరే అంచుని రెండు మడతలు మడిచి నాలుగు వరసలు కుట్టేది ఒక్కతే. ఆమెని అందరూ అంచమ్మ అంటారు. వయసులో చిన్నవాళ్ళు అంచక్క అంటారు. జీతం కాగితం మీద తప్ప అసలు పేరు ఎక్కడా వినపడదు.

అంచమ్మ వంగి ఒక పీలికని వేళ్ళ మధ్య పట్టుకుంది. "కుట్టు జారలేదు సార్. దారం తెగింది."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు సార్..."

"రేపట్నుంచి మీరు మడత బల్ల దగ్గరికి వెళ్ళండమ్మా," అన్నాడాయన. కసురుకుని ఉంటే బాగుండేది. నెమ్మదిగా, మర్యాదగా అన్నాడు. ముసలివాళ్ళని బస్సులో కూర్చోమన్నట్టు అన్నాడు.

అంచమ్మ మిషను మీద రేడియోని కూర్చోబెట్టారు. రేడియో అంటే ఆమె పక్క మిషను మనిషి. పొద్దున హాలు తలుపు తెరిచినప్పుడు మొదలుపెడితే సాయంత్రం మూసేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. "బాధపడకు అంచక్కా. నిలబడి చేసే పని నడుముకి మంచిదంట. మా ఆడపడుచు వాళ్ళ డాక్టరు చెప్పాడు. నీ మిషనుని నేను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాలే. పెళ్ళికూతుర్ని అప్పగించినట్టు అప్పగించు."

ఎవరో కిసుక్కున నవ్వారు.

మడత బల్ల కిటికీ లేని మూల ఉంది. జెండాని ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడిచి, ఎగిరే అంచు పైకి కనబడేలా పేర్చాలి. కొనేవాళ్ళు మొదట చూసేది ఆ అంచునే. స్కేలు సారు రోజుకి రెండుసార్లు వచ్చి పైనున్న వాటి మీద స్కేలు పెట్టి చూస్తాడు. స్కేలుకీ కుట్టుకీ మధ్య వెంట్రుక పట్టేంత సందు కనిపించినా జెండా వెనక్కి వెళుతుంది. అంచమ్మ కుట్టినది ఏ రోజూ వెనక్కి వెళ్ళలేదు.

ఒక్క రోజు మడిచింది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ స్కేలు సారు బల్ల ముందు నిలబడింది. చేతిలో ముదురు నీలం గుడ్డ ఉంది. ఏదో హోటలు ఆర్డరులో మిగిలిన ముక్కని తూకానికి కొనుక్కుంది.

"ఇప్పుడే, మీ ఎదురుగానే, నా మిషను మీదే అంచు కుడతాను సార్. అదే దారం. మా ఇంటి దగ్గర ఆరు రోజులు ఎగరేసి తెస్తాను."

"మీ ఇంట్లో స్తంభం ఉందా?"

"ఉంటుంది సార్."

హాలంతా నవ్వింది. స్కేలు సారు నవ్వలేదు. ఆయనకి కొలిచి చూసే పని ఏదైనా ఇష్టమే. "అంచు నిలిస్తే మిషను మీది. పోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

ఆమె కుట్టింది. నాలుగు వరసలు. ఎప్పట్లాగే నాలుగో వరస దగ్గర దారం బిగువు సరిచేసే మరని ఇంకో అర చుట్టు బిగించి, గుడ్డని వెనక నుంచి ఎడమ చేత్తో లాగిపట్టి, గీత గీసినట్టు కుట్టింది. ఆయన స్కేలు పెట్టి చూసి తలాడించాడు. రేడియో మాత్రం, "ఇల్లు సొంతమే కదా అక్కా? లేకపోతే స్తంభంతో సహా ఖాళీ చేయాల్సొస్తుంది," అంది.

*

"జెండా స్తంభమా?" అంచమ్మ మొగుడు, ప్లంబరు, గ్లాసు కింద పెట్టాడు. "మనింటికా? ఎవరి మీద గెలిచామే?"

"నవ్వకు. నాకు కావాలి."

అతను భార్య ముఖం చూసి గ్లాసు మళ్ళీ తీసుకున్నాడు. ఇంట్లో కుళాయి కారుతోందని ఆమె ఏడాదిగా చెబుతున్నా ఇదే ముఖంతో ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకి మాత్రం తను చెప్పింది సగమే అని తెలుసు. మిషను కోసమే అని మొగుడికి చెప్పింది, తనకి తనూ చెప్పుకుంది. కానీ మొన్న బల్ల దగ్గర పీలిక పట్టుకున్నప్పటి నుంచీ ఆమెని వదలనిది మిషను బాధ కాదు. తను కుట్టిన అంచు గాలిలో ఎగిరి తిరిగొచ్చాక దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ అన్నీ వెళ్ళినవే. మడిచి, అట్టపెట్టెలో పెట్టి, లారీ ఎక్కించినవే. పైకి వెళ్ళాక ఎలా ఉంటాయో హాల్లో ఎవరికీ తెలియదు. దారిలో ఏ భవనం మీదో జెండా కనిపిస్తే బస్సులోంచి మెడ చాచేది. గుర్తుపట్టేలోపు బస్సు మలుపు తిరిగేది.

ఆదివారం పొద్దున ఇద్దరూ హాలు వెనక షెడ్డుకి వెళ్ళారు. స్తంభాలు నిలబెట్టే ముఠా మేస్త్రి అక్కడ ఉంటాడు. అందరూ స్తంభాలాయన అంటారు. అన్నేళ్ళు అదే గేటులోంచి వెళ్ళీ వచ్చీ, అంచమ్మ ఆ షెడ్డులో అడుగు పెట్టడం అదే మొదలు.

"ఇది అల్యూమినియం," అన్నాడాయన ఒక స్తంభం మీద అరచెయ్యి వేసి. "పైకి పోను పోను సన్నబడుతుంది. తేలిక, తుప్పు పట్టదు. ఇది ఫైబరు. వంగుతుంది గానీ విరగదు. కొట్టినా చప్పుడు చెయ్యదు. ఇనుము మీకు తెలిసిందే. రంగు వేస్తూ ఉండాలి. ఏది కావాలన్నా ముందు జెండా సంగతి చెప్పు చెల్లెమ్మా."

"ఐదడుగులన్నా."

"అయితే స్తంభం ఇరవై. జెండాకి నాలుగింతలు. నేలలోకి రెండడుగులు వేరే. గోడకి ఏడడుగులు ఎడంగా పాతండి, లేకపోతే జెండా గోడకి రాసుకుని చస్తుంది. కరెంటు తీగ మాత్రం, స్తంభం పడిపోతే ఎంత దూరం పడుతుందో అంతకంటే దూరంగా ఉండాలి."

ప్లంబరు అల్యూమినియం స్తంభాన్ని గోటితో కొట్టి చూశాడు. షావుకారు కూతుర్ని చూడ్డానికి వెళ్ళిన పెళ్ళికొడుకులా ఆశపడి, ధర తలుచుకుని వెనక్కి తగ్గాడు. "మన దగ్గర జీఐ పైపులున్నాయి. రెండించీలది కింద, ఒకటిన్నర మధ్యలో, ఇంచీది పైన. రెడ్యూసర్లతో అతికిస్తే ఇదిగో ఇలాగే సన్నబడుతుంది."

"పనికొస్తుంది," అన్నాడు స్తంభాలాయన. "మరీ చెయ్యి తిరిగినవాడివైతే."

అంచమ్మ ఆగలేక అడిగింది. "పైన ఎలా ఉంటుందన్నా?"

"ఏది?"

"జెండా. మన జెండాలు. ఎక్కాక."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మేం బోల్టులు బిగించి, తాడు ఒకసారి లాగి చూసి వచ్చేస్తాం. ఎగరేసేటప్పుడు పెద్దవాళ్ళు వస్తారు కదా. మమ్మల్ని లారీ దగ్గర ఉండమంటారు." చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "ఎలా ఉంటుంది, జెండాలాగే ఉంటుంది."

పెరట్లో ఆ రోజంతా పని జరిగింది. ప్లంబరు రెండడుగుల గొయ్యి తవ్వి, నీళ్ళు నిలవకుండా అడుగున కంకర పోసి, నాలుగించీల ప్లాస్టిక్కు గొట్టం నిలబెట్టి చుట్టూ కాంక్రీటు వేశాడు. అది గట్టిపడ్డాక మంగళవారం సాయంత్రం పైపుని ఆ గొట్టంలో దింపాడు. నాలుగు వైపులా తూకం గుండు వేలాడదీసి చూస్తూ సందులో ఇసుక కూరాడు. రేపు ఎప్పుడైనా పీకాలంటే ఇసుక తోడితే చాలు. అంతకుముందే, పైపు నేల మీద ఉండగా, దాని చివర బట్టలు ఆరేసే తాడు కప్పీ బిగించాడు. వానకి పైపులోకి నీళ్ళు దిగకుండా ఏదో ఒకటి పెట్టి మూయాలి. సంచీలో వెతికి, నీళ్ళ ట్యాంకులో తేలే గుండ్రటి బంతి తీసి పైన మరకి తిప్పాడు.

ఎదురింటి కోర్టు గుమాస్తా గోడ మీంచి చూశాడు. "ఏం మేస్త్రీ, ట్యాంకు అంత ఎత్తున పెడుతున్నారా?"

"ట్యాంకు ఇంకా రాలేదండీ. బంతి ముందొచ్చింది."

"జెండా అటగా? ఎవరి జెండా?"

"నీలం," అంది అంచమ్మ.

"నీలం అంటే ఎవరిదమ్మా?"

"నాదేనండీ."

గుమాస్తా ఆ జవాబుని ఏ ఫైల్లో పెట్టాలో తెలియనట్టు చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

*

బుధవారం పనికి వెళ్ళేముందు ఎక్కించింది. పై ముడి, కింది ముడి వేసి తాడు లాగడం మొదలుపెట్టగానే, చెయ్యి మీద చెయ్యి వేస్తూ పోవాలని చేతులకే తెలిసింది. కప్పీ కిచకిచమంది. నీలం గుడ్డ పైపుని అంటుకుని, తడిసిన బట్టలా వేలాడుతూ బంతి దాకా పాకింది. తాడుని కొక్కేనికి ఎనిమిది అంకెలా చుట్టి, తల ఎత్తింది.

ఏమీ జరగలేదు. గుడ్డ వేలాడుతూనే ఉంది. ప్లంబరు పళ్ళు తోముకుంటూ, "ఇంతేనా?" అన్నాడు.

అప్పుడు గాలి వచ్చింది. ముందు కట్టు వైపు ఉబ్బింది. ఆ ఉబ్బు గుడ్డంతా నడిచి చివరికి వెళ్ళి, ఎగిరే అంచుని పట్టి విదిలించింది. టప్‌మని చప్పుడు. మళ్ళీ నడక, మళ్ళీ చప్పుడు. ఇన్నేళ్ళూ తన వేళ్ళ కింద బల్ల మీద నిశ్చలంగా పడుకున్న అంచు అది. ఇంత పని చేస్తుందని ఆమె ఊహించలేదు. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగినట్టు తిరిగింది, అంతలోనే ఎవరో లాక్కుపోయినట్టు అటు పోయింది.

కుట్టు మాత్రం కనబడలేదు. ఇరవై అడుగుల కిందనుంచి నాలుగు వరసలేమిటి, అంచు మడతే ఒక గీతలా ఉంది. డాబా మెట్ల మీద సగం దాకా ఎక్కి చూసింది. మెట్ల చివరికి ఎక్కి చూసింది. దగ్గరికి వెళ్ళినకొద్దీ ఇంకాస్త దగ్గరికి వెళ్ళాలనిపించింది గానీ తనివి తీరలేదు. బస్సు తప్పిపోయింది.

ఆ రోజు మడత బల్ల దగ్గర ఆమె చెవులు ఇంటి దగ్గరే ఉన్నాయి. ఏ గుడ్డ విదిలించినా తల ఎత్తేది. సాయంత్రం వచ్చి తాడు విప్పి దించుతుంటే జెండా గాలికి ఆమె మీదే వాలింది. అంచుని చివర నుంచి చివరికి వేళ్ళతో తడిమింది. ఎండకి వెచ్చగా ఉంది. బడి నుంచి వచ్చిన పిల్లవాడి నుదురు అలా ఉంటుంది.

"దించుతున్నావేం? వాళ్ళ ఆఫీసు మీద రాత్రీ పగలూ ఉందన్నావుగా," అన్నాడు ప్లంబరు.

"నా జెండాని నేను దించుకుంటా."

గురువారం గుమాస్తా వచ్చాడు. జెండా బాగానే ఉంది గానీ, తాడు పైపుకి కొట్టుకుని రోజంతా టంగుటంగుమంటోందని, తను ఇంట్లో ఉన్నట్టు లేదని, ఇత్తడి సామాన్ల కొట్లో ఉన్నట్టుందని అన్నాడు. ప్లంబరు తాడుని బిగదీసి, మధ్యలో ఒక తాడు ముక్కతో పక్క కిటికీ ఊచకి లాగి కట్టాడు. టంగుమనడం ఆగింది. గుడ్డ చప్పుడు ఒక్కటే మిగిలింది.

శుక్రవారం గడిచింది.

శనివారం సాయంత్రం దించి తడుముతుంటే కింది మూల దగ్గర వేలు ఆగింది. నాలుగో వరస దారం జానెడు మేర లేదు. తెగిన కొసలు రెండూ లేచి నిలబడ్డాయి. గుడ్డ ఇంకా చిరగలేదు. ఇంకొక్క రోజు ఎగిరితే మూడో వరస, ఆ తర్వాత పోగులు.

పగలు మాత్రమే ఎగిరింది. గోడకి రాసుకోలేదు, తీగకి తగల్లేదు. తప్పు మోయడానికి తన చెయ్యి తప్ప ఇంకెవరూ లేరు.

కుళాయి దగ్గర మొగుడు కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినబడింది. అతను వచ్చేలోపు సూదిలో దారం ఎక్కించింది. పాత రంధ్రాల్లోంచే, ఒక్క రంధ్రం కూడా కొత్తది పడకుండా, మిషను కుట్టులాగే ఒకదాని కాలి మీద ఒకటి అడుగు వేసినట్టు కుట్టింది. మధ్యలో ఒకసారి చెయ్యి ఆగింది. ఏం చేస్తున్నావని ఎవరో అడిగినట్టయింది. ఇంకా రెండు రోజులే కదా అని ఎవరో జవాబు చెప్పారు. రెండు గొంతులూ తనవే. చివరి ముడి మడత లోపలికి తోసి, గోరుతో నొక్కింది. ఇక స్కేలు పెట్టినా దొరకదు.

"నిలిచిందా?" అన్నాడు ప్లంబరు తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

"నిలిచింది."

అతను సంతోషంగా పైపుని తట్టాడు. స్తంభం బాగా నిలబెట్టాను కదా అన్నట్టు తట్టాడు. ఆమె ఆ పూట భోజనం సగంలో లేచింది.

*

ఆదివారం పెద్దావిడని తీసుకొచ్చింది. అంచమ్మ కంటే ముందు ఆ మిషను పెద్దావిడదే. రెండో వీధిలో తమ్ముడింట్లో ఉంటోంది. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. ఎన్నిసార్లు పిలిచినా, "చూపు లేనిదానికి ఏం చూపిస్తావే," అని రాలేదు. ఆ రోజు అంచమ్మ పిలిచిన తీరుకి చెప్పులు వెతుక్కుంది.

పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. జెండా ఎక్కించింది. పెద్దావిడ ముఖం పైకెత్తి కళ్ళు చిట్లించింది. "నీలమా?"

"కనిపిస్తోందా పెద్దమ్మా?"

"నువ్వే కదే చెప్పావు దార్లో." నవ్వింది. ఆ తర్వాత చెయ్యెత్తి మాట్లాడొద్దంది.

గాలి బాగా ఉంది. టప్, టప్, టప్. పెద్దావిడ తల ఒక పక్కకి వంచి, మిషను చప్పుడులో తేడా పట్టే రోజుల్లోలాగా వింది. చాలాసేపు వింది. ముఖంలో ఉన్న నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"ఎందుకలా కొడుతోంది?"

"గాలి పెద్దమ్మా."

"గాలి కాదు. గుడ్డ మెత్తగా వచ్చి చివర్న గట్టిదానికి తగులుతోంది. చివర్న ఏదో పలక కట్టినట్టుంది. దించు."

దించింది. పెద్దావిడ అంచుని ఒళ్ళో వేసుకుని బొటనవేలితో నడిచింది. పై మూల నుంచి కిందికి. కింది మూల దగ్గర బొటనవేలు ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"చేత్తో కుట్టావు."

అంచమ్మ కింద కూర్చుండిపోయింది.

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. తెగింది పెద్దమ్మా. నాలుగో వరసే తెగింది. పగలు ఎగరేసినా తెగింది." కళ్ళు తుడుచుకోలేదు, పెద్దావిడకి కనబడవు కాబట్టి. "నా కుట్టే మంచిది కాదు. ఆయన చెప్పిందే నిజం."

పెద్దావిడ విన్నట్టు లేదు. గుడ్డని రెండు చేతులా పట్టుకుని సాగదీసింది. గుడ్డ సాగింది, నాలుగో వరస సాగలేదు. వదిలింది. మళ్ళీ సాగదీసింది. సాగదీసిన ప్రతిసారీ ఆ వరస తీగలా బిగుసుకుంది.

"గుడ్డ పెరుగుతుంది, దారం పెరగదు," అంది నెమ్మదిగా. "ఇది తెగక ఏం చేస్తుంది? నాలుగో వరస దగ్గర మరో అర చుట్టు బిగించి, ఎడమ చేత్తో లాగిపట్టమని నీకెవరు చెప్పారు?"

అంచమ్మ తల వంచుకుంది.

"చెప్పవే. ఎవరు చెప్పారు?"

"నువ్వే పెద్దమ్మా."

"నేనే." ఒళ్ళో జెండా నలిగింది. "అప్పుడు కూడా ఒక స్కేలు ఉండేది. ఆ స్కేలు కింద తిన్నగా కనబడాలని అలా కుట్టాను. నాకేం తెలుసే? ఇది ఎగురుతుందని తెలుసు. ఎలా ఎగురుతుందో ఎవరు చూడనిచ్చారు? నీళ్ళే చూడకుండా చేపల బుట్ట అల్లినట్టు అల్లాను. నీకూ అదే అప్పజెప్పాను."

ప్లంబరు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నిన్నటి 'నిలిచింది' కూడా ఇప్పుడు అతనికి అర్థమైంది. లోపలికి వెళ్ళి, కుట్లు విప్పడానికి బ్లేడు తెచ్చి భార్య పక్కన పెట్టాడు.

"అంతా విప్పకు," అంది పెద్దావిడ. "కింది సగం విప్పి వదులుగా కుట్టు. పై సగం అలాగే ఉంచు. కింది మూల మీదే కదా గాలికి కోపం. చూద్దాం ఏది నిలుస్తుందో."

ఇంటి మిషను మీద అంచమ్మ దారం మర అర చుట్టు వదిలింది. ఎడమ చెయ్యి అలవాటుగా వెనక్కి వెళ్ళబోతే తొడ మీద పెట్టుకుంది. గుడ్డ దానంతటది జరిగింది. వరస కొంచెం అలలా వచ్చింది. చూడ్డానికి చంటిపిల్లల రాతలా ఉంది. ఆమెకి సిగ్గేసింది.

మళ్ళీ ఎక్కించేటప్పుడు పెద్దావిడ లేచి నిలబడింది. "తాడు ఇలా ఇవ్వు." అంచమ్మ తాడు కొస ఆమె చేతికిచ్చి, తన చెయ్యి కూడా పైన వేసింది. ఇద్దరూ లాగారు. జెండా పైకి చేరి గాలి పట్టగానే తాడు చేతిలో ఒక్కసారి గుంజింది. పెద్దావిడ ఉలిక్కిపడింది.

"అమ్మో," అంది. "ఇంత బలమా దీనికి."

తాడు వదల్లేదు. కొక్కేనికి చుట్టేస్తానన్నా ఇవ్వలేదు. పొరలు కమ్మిన కళ్ళు పైకెత్తి, గాలి గుంజినప్పుడల్లా అరచెయ్యి కొంచెం ఇస్తూ, కొంచెం పట్టుకుంటూ చాలాసేపు నిలబడింది. "ఎలా ఉందో చెప్పవే," అంది ఒకసారి. అంచమ్మ చెప్పడానికి నోరు తెరిచి, మాట వెతుక్కుని, దొరక్క ఊరుకుంది.

*

మంగళవారం స్కేలు సారు బల్ల మీద నీలం జెండా పరిచింది. పై సగంలో నాలుగో వరస మూడు చోట్ల తెగి ఉంది, మూడో వరస కూడా కదిలింది. కింది సగం చెక్కుచెదరలేదు.

"తప్పు నా కుట్టుదే సార్," అంది అంచమ్మ. మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. "నాలుగో రోజే తెగింది. చేత్తో కుట్టి దాచాను కూడా. ఆదివారం కింది సగం విప్పి, వదులుగా మళ్ళీ కుట్టాను. చూడండి. బిగించింది తెగింది, వదిలింది నిలిచింది. మనం కుట్టేవన్నీ పై సగం లాంటివే."

ఆయన స్కేలు తీసి కింది సగం మీద పెట్టాడు. స్కేలు పక్కన కుట్టు అలలా ఇటూ అటూ జరిగింది.

"ఇది వంకరగా ఉంది."

"బల్ల మీద వంకర సార్. పైన తిన్నగా ఉంటుంది."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. అర్థమైంది, అది ఆయన కళ్ళలో కనిపించింది. "మనం అమ్మేది బల్ల మీదేనమ్మా," అన్నాడు. జెండాని మడిచి ఆమె చేతికిచ్చాడు. "అంచు పోతే ఈ మాట మళ్ళీ ఎత్తకూడదనుకున్నాం."

ఆమె మడత బల్ల దగ్గరికి వెళ్ళింది.

భోజనాల వేళ రేడియో డబ్బా మూత తియ్యకుండా వచ్చి పక్కన కూర్చుంది. "నీకేమైనా పిచ్చా అక్కా? దాచినదాన్ని దాచి ఉంచలేకపోయావా? ఆయన స్కేలు తాత కూడా కనిపెట్టేవాడు కాదు." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఇవాళ గాలుందా మీ ఇంటి దగ్గర?"

"ఉంది."

"రావచ్చా? ఒక్కసారి చూసి పోతా. మా ఆయనతో చెప్పకు, జెండా చూడ్డానికి వెళ్ళానంటే ఊరంతా చెప్పుకుని నవ్వుతాడు."

సాయంత్రం వచ్చింది. వీధి మొదట్నుంచీ మాట్లాడుతూనే వచ్చింది. పైపు ఏ సైజని అడిగింది, బంతి చూసి మా ట్యాంకుదే పోయిందే ఎప్పుడో అంది, అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్న పెద్దావిడని పలకరించి ఆడపడుచు డాక్టరు కళ్ళకి కూడా చూస్తాడంది. అంచమ్మ జెండా కట్టి తాడు ఆమె చేతిలో పెట్టింది. "లాగు. పైకెళ్ళాక అది నిన్ను లాగుతుంది, భయపడకు."

రేడియో లాగింది. గాలి వచ్చింది. అంచమ్మ ఈసారి జెండా వైపు చూడలేదు, రేడియో ముఖం వైపు చూసింది. నోరు సగం తెరుచుకుని ఉంది. బస్సు కిటికీలోంచి మెడ చాచినప్పుడు తన ముఖం కూడా ఇలాగే ఉండి ఉంటుంది.

"ఏమే రేడియో," అంది పెద్దావిడ కుర్చీలోంచి. "ఆగిపోయావేం?"

"ఉండు పెద్దమ్మా. వింటున్నా."

మర్నాడు మధ్యాహ్నం మడత బల్ల మీదికి పెద్ద జెండా ఒకటి వచ్చింది. అంచమ్మ అలవాటుగా అంచు మీద వేళ్ళు నడిపింది. నాలుగో వరస కొంచెం అలలా ఉంది. తల ఎత్తి చూసింది. హాలు ఆ చివర రేడియో ఇటు చూడకుండా, ఎవరితోనో ఆడపడుచు డాక్టరు గురించి చెబుతూ కుడుతోంది. ఎడమ చెయ్యి తొడ మీద ఉంది.

స్కేలు సారు అటుగా వస్తున్నాడు. అంచమ్మ జెండాని నిలువుగా మడిచింది. అడ్డంగా మడిచేటప్పుడు ఎగిరే అంచుని పైకి కాకుండా, మొదటి మడతలోనే లోపలికి పెట్టి, దాని మీదుగా తక్కిన గుడ్డంతా చుట్టి, అరచేత్తో ఒత్తింది.

"అంచు లోపలికి పోయిందేం?"

"ఇలా అయితే నలగదు సార్."

ఆయన స్కేలు తీసి మడత పక్కన పెట్టాడు. వెంట్రుక పట్టే సందు కూడా లేదు. తలాడించి ముందుకి వెళ్ళిపోయాడు.

ఆమె దాన్ని అట్టపెట్టెలో పెట్టింది. ఏ ఊరికో, ఏ భవనం మీదికో. అది ఎక్కేటప్పుడు పక్కన పెద్దవాళ్ళు ఉంటారు, లారీ దూరంగా ఉంటుంది. మూత మూసే ముందు చెయ్యి ఒక్కసారి గుడ్డ మీద ఆగింది. లోపల ఎక్కడో, మడతల మధ్య, ఆ అంచు మెత్తగా తగిలింది. తర్వాతి జెండా బల్ల మీదికి వచ్చింది. వేళ్ళు నడిపింది. అదీ అలలా ఉంది.